పాత క్యాంపర్ వ్యాన్‌కు ఏడాదికయ్యే ఖర్చెంత?

ప్రశ్న: మేము లండన్‌లోని హౌన్‌స్లోలో ఉంటున్నాం. పిల్లలతో నెలకు రెండు వారాంతాలు వేల్స్ కొండలకో సముద్ర తీరానికో వెళ్లి వచ్చేందుకు సెకండ్ హ్యాండ్ క్యాంపర్ వ్యాన్ (లోపలే వండుకుని పడుకునే బండి) కొందామనుకుంటున్నాం. రెండు ఫోక్స్‌వాగన్ డీజిల్ వ్యాన్లు చూశాం. 2011 నాటి యూరో 5 (పొగ కాలుష్య ప్రమాణం) వ్యాన్ 13,000 పౌండ్లు, గ్యాలనుకు 32 మైళ్లు ఇస్తుందట. 2017 నాటి యూరో 6 వ్యాన్ 17,000 పౌండ్లు, 35 మైళ్లు ఇస్తుందట. ఏడాదికి 6,000 మైళ్లు తిరుగుతాం. ఆ కాస్త మైలేజీ కోసం 4,000 పౌండ్లు అదనంగా పెట్టడం దండగేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: మైలేజీ కోసమే అయితే దండగేనమ్మా. మీరు చెప్పిన లెక్కన రెండింటికీ ఏడాదిలో వచ్చే తేడా దాదాపు 73 లీటర్ల డీజిల్, లీటరు 1.45 పౌండ్లనుకుంటే నూట ఆరు పౌండ్లు. కొత్తదానిలో పొగను శుభ్రం చేసేందుకు పోయవలసిన యాడ్‌బ్లూ అనే ద్రవం ఖర్చు కలిపితే ఆ ఆదా కూడా తగ్గుతుంది.

అయితే మీ విషయంలో అసలు ఖర్చు మీ గుమ్మం ముందే మొదలవుతుంది. 2023 ఆగస్టు 29 నుంచి యూలెజ్ (ఎక్కువ పొగ వదిలే వాహనాలపై రుసుము వేసే ప్రాంతం) లండన్ నగర పరిధి మొత్తానికీ విస్తరించింది కనుక, యూరో 6 ప్రమాణానికి తక్కువైన డీజిల్ వ్యాన్‌ను నడిపిన ప్రతి రోజుకూ 12.50 పౌండ్లు కట్టాలి. ఇంటి ముందు ఊరికే నిలిపి ఉంచితే కట్టనక్కర లేదు. మీరు శుక్రవారం సాయంత్రం బయలుదేరి ఆదివారం తిరిగి వస్తే రెండు రోజుల రుసుము, అంటే 25 పౌండ్లు. అలాంటి ప్రయాణాలు ఏడాదికి 24 అంటే 600 పౌండ్లు, అయిదేళ్లకు 3,000. అమ్మేటప్పుడు కూడా లండన్‌లో పాతదాన్ని అడిగేవారు తక్కువే. అందుకే మీకు నేను 2017 నాటిదే చెబుతాను. మీరు లండన్ బయట రెడింగ్‌లాంటి ఊళ్లో ఉండి, లండన్‌లోకి రాకుండా తిరిగేవారైతే మాత్రం పాతదాన్నే చూడమనేవాణ్ణి.

ఏది కొన్నా, వాడకపోయినా వయసుతో వచ్చే ఖర్చులుంటాయి. టైర్లు అందుకు మంచి ఉదాహరణ. టైరు పక్క గోడ మీద డీఓటీ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 2317 అని ఉంటే అది 2017లో 23వ వారంలో తయారైందని అర్థం. క్యాంపర్ వ్యాన్లు ఎక్కువ కాలం కదలకుండా ఉంటాయి కనుక టైరు పైనుండే గాడులు కొత్తవిలా లోతుగానే కనిపిస్తాయి, పక్కల్లో మాత్రం సన్నటి పగుళ్లు పారి ఉంటాయి. అలాంటివి నాలుగూ మార్చవలసినవేనని లెక్కలో వేసుకోండి. ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే టైమింగ్ బెల్టుకు మైళ్ల గడువుతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది; అది తెగితే ఇంజినే దెబ్బతింటుంది కాబట్టి, మార్చామన్న మాటను కాకుండా గ్యారేజీ ఇచ్చిన బిల్లును నమ్మండి. లోపల లైట్లకూ ఫ్రిజ్‌కూ ఉండే రెండో బ్యాటరీ, గ్యాస్ పొయ్యికి ఏటా చేయించవలసిన తనిఖీ కూడా మరవకండి.

ఎంఓటీ (వాహనానికి ఏటా జరిగే తప్పనిసరి భద్రతా పరీక్ష) చరిత్ర ప్రభుత్వ వెబ్‌సైటులో వాహనం నెంబరు వేస్తే ఉచితంగా కనిపిస్తుంది. పాసయిందా లేదా అని మాత్రమే చూసి వదిలేయకుండా, కింద రాసిన సూచనలు చదవండి. బ్రేకు పైపులకు తుప్పు అని రెండు మూడేళ్లు వరుసగా ఉంటే, ఆ మరమ్మతు మీ వంతుకే మిగిలిందని అర్థం.

బయానా ఇవ్వకముందే రెండు వ్యాన్ల నెంబర్లతోనూ బీమా ధర అడగండి. రిజిస్ట్రేషన్ పత్రంలో మోటార్ కారవాన్ అని కాక వట్టి వ్యాన్ అనే ఉంటే, లోపల మంచాలూ పొయ్యీ అమర్చిన సంగతి బీమా సంస్థకు ముందే చెప్పి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి.