జార్జియా వెళ్తున్న మేనకోడలికి

అమ్మడూ,

సెప్టెంబరు చివర్లో జార్జియా దేశం వెళ్తున్నావని, ద్రాక్ష కోతల్లో పనిచేస్తూ అక్కడి రెడ్ వైన్లు రుచి చూడడం నేర్చుకుంటావని అక్క ఫోన్‌లో చెప్పింది. చెబుతూనే ఏడ్చేసింది. "ఆడపిల్లకి ఈ తాగుడు చదువేంట్రా" అంది. తనకి సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. హోటల్ లైన్లో నా వయసంతా వైన్ పోస్తూనే గడిచింది. మన ఇంట్లోంచి ఇంకొకరు ఇదే పని ఇష్టపడి ఎంచుకున్నారంటే నాకెంత గర్వమో చెప్పలేను. భయం కూడా అంతే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

వైన్ రుచి చూసే రోజు సెంటు కొట్టుకోకు, తల్లో పూలు పెట్టుకోకు. పళ్లు తోముకోగానే గ్లాసు ముట్టకు. రంగు తెల్లకాగితం మీద పెట్టి చూడు. ముందు గ్లాసు ఊపకుండా వాసన చూడు, తర్వాత ఊపి చూడు. ఇవన్నీ మీ కోర్సులో చెప్పే ఉంటారు.

ఉమ్మడం సంగతి మాత్రం అంత తేలిగ్గా వదలను. నోట్లో తిప్పిన ప్రతి గుక్కా ఉమ్మాలి. ఎంత గొప్ప వైనైనా, ఎదురుగా దాన్ని చేసినాయనే నిలబడి చూస్తున్నా సరే.

గల్ఫ్‌లో నాతోపాటు ఒక తెనాలి కుర్రాడు పనిచేసేవాడు. వాడికున్న ముక్కు నేను ఇంకెవరిలోనూ చూడలేదు. మూత తీసిన సీసా పక్కనుంచి నడిచి వెళ్తూ, కార్క్ పాడైందని చెప్పేసేవాడు. మా రెస్టారెంటుకి వైన్లు ఎంచడానికి మమ్మల్నిద్దర్నీ జార్జియాలోని కఖేతి ప్రాంతానికి పంపారు. అలజని లోయలో ఒక రోజంతా ఊరూరా తిరిగాం. వాడు ఒక్క గుక్క కూడా ఉమ్మలేదు. "ఏడాదంతా కష్టపడి చేసింది వాళ్ల ముందే ఉమ్మేస్తే బాగుంటుందా అన్నా?" అనేవాడు. మంచి మనసుతోనే అన్నాడు. మధ్యాహ్నం దాటేసరికి వాడి నోరంతా వగరు పట్టేసి ఎండిపోయింది. ఆపైన మత్తు. సాయంత్రం చివరి చోట కొంచెం తీపి ఉన్న కింద్జ్‌మరౌలి అనే రెడ్ వైన్ పోశారు. పొద్దుట్నుంచి వగరు మింగిన నోటికి ఆ తీపి ఎలా ఉంటుందో ఊహించుకో. రోజు మొత్తంలో ఇదే గొప్పదని అక్కడికక్కడే పెద్ద ఆర్డరు రాసేశాడు. కింద్జ్‌మరౌలి తప్పు ఏమీ లేదు, దాని చోట అది బాగుంటుంది. కానీ మా దగ్గర అమ్ముడుపోయేది కాల్చిన మటన్. దాని పక్కన ఆ వైన్ తాగి గ్లాసు ఖాళీ చేసినవాళ్లు లేరు. కేసులన్నీ స్టోర్‌లో ఉండిపోయాయి.

డబ్బు నష్టం ఎలాగో సర్దుకున్నాం. వాడికి మింగే అలవాటు మాత్రం పోలేదు. రోజూ రుచి చూడకపోతే నాలుక మొద్దుబారుతుందని సర్వీసుకి ముందు ఒక గ్లాసు పుచ్చుకునేవాడు. తర్వాత మధ్యాహ్నమూ ఒకటి. కొన్నాళ్లకి పొద్దున చెయ్యి వణకడం మొదలైంది. ఉద్యోగం పోయింది, ఇంటికి వెళ్లిపోయాడు, లివర్ పాడై యాభై నిండకుండానే పోయాడు. ఆ ముక్కుతో వాడు ఎక్కడికో వెళ్లాల్సినవాడు తల్లీ. నువ్వు వైన్ అనగానే నాకు ముందు వాడి మొహమే గుర్తొచ్చింది. మీ అమ్మకి ఈ సంగతి చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

కాబట్టి మధ్యాహ్నం తర్వాత రుచి చూసినవి నోట్‌బుక్‌లో రాసుకో, తీర్పు మాత్రం ఇవ్వకు. మర్నాడు పొద్దున అదే వైన్ మళ్లీ అడుగు. సిగ్గుపడకు. ఉమ్మినా కొంత ఒంట్లోకి పోతూనే ఉంటుంది, అందుకని కారు నడపడానికి వేరే మనిషి ఉండాలి.

ఇక ద్రాక్షల గురించి. అందరూ నిన్ను సాపెరవి అనే నల్ల ద్రాక్ష దగ్గరికే తీసుకెళ్తారు. వెళ్లు, చూడాల్సిందే. మామూలు నల్ల ద్రాక్షని చిదిమితే లోపల గుజ్జుకి రంగుండదు. సాపెరవిని వేళ్ల మధ్య చిదిమి చూడు, రసమే ఎర్రగా కారుతుంది. గ్లాసులో సిరాలా నల్లగా ఉంటుంది, నేరేడు వాసన వస్తుంది, పులుపు గట్టిగా తగులుతుంది. దాన్నే ఓక్ పీపాల్లో ఉంచి, తీపి లేకుండా చేసే వైన్ ముకుజాని. అయితే సాపెరవి ఎప్పుడూ చివర్నే. ముందే తాగావంటే దాని తర్వాత ఏదీ నోటికి తెలియదు. కార్త్లి ప్రాంతపు తవ్క్వేరి, షవ్కపీతోలతో మొదలుపెట్టు, అవి తేలిగ్గా ఉంటాయి. సమెగ్రెలో ప్రాంతం వైపు ఓజలేషి ద్రాక్ష వైన్ దొరికితే వదలకు. ఒకప్పుడు ఆ తీగని చెట్ల మీదికి పాకించి పెంచేవాళ్లు. ఆ దేశంలో ఐదువందలకి పైగా సొంత రకాలున్నాయి. సోవియట్ రోజుల్లో దిగుబడి చూసుకుని కొన్నింటినే విస్తారంగా వేయించారు, చాలావాటికి ఇళ్ల పెరళ్లే దిక్కయ్యాయి. అలాంటిది ఏ ముసలాయనో పోస్తే ఫ్రెంచి ద్రాక్ష కాబెర్నేతో పోల్చి మార్కులు వేయకు. రెండు మూడు సార్లు రుచి చూసి, తిండితో కూడా తాగి చూసి, అప్పుడు మాట్లాడు.

క్వెవ్రీలంటే వైన్ చేయడానికి భూమిలో పాతిపెట్టిన పెద్ద మట్టి జాడీలు. ఆ పద్ధతిని 2013లో యునెస్కో గుర్తించింది. నీకు వాటిలోకి తొంగిచూడాలనే ఉంటుంది. కోతల సమయంలో రసం పులుస్తూ ఉంటుంది, దాంట్లోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ బరువైన గ్యాస్. అది నేల దగ్గరే నిలిచిపోతుంది. మన ఊళ్లో పాడుబావిలో దిగినవాళ్లు ఊపిరాడక పోయినట్టే అక్కడా జరుగుతుంది. తల లోపలికి పెట్టొద్దు. తలుపులు మూసిన మరానిలోకి, అంటే ఆ జాడీలుండే వైన్ గదిలోకి, ఒంటరిగా వెళ్లొద్దు. కడగడానికి దిగమంటే దిగనని మొహం మీదే చెప్పు. మొహమాటపడ్డావంటే నేనే అక్కడికి వచ్చి తిడతాను.

రాత్రి సుప్రా విందుకి పిలుస్తారు. విందు నడిపించే పెద్దమనిషి తమదా. ఆయన లేచి ఒక్కో మాట చెప్పి గ్లాసు ఎత్తినప్పుడల్లా అందరూ ఖాళీ చేస్తారు. వాళ్ల ప్రేమ నిజమైనది, కాదనడం కష్టమే. కూర్చునే ముందే ఆ ఇంటి పెద్దావిడకి నీ సంగతి చెప్పుకో. గ్లాసు ఎత్తు, పెదవికి తాకించు, దించు. బాగా తిను. ఖాచపురీ అని చీజ్ పెట్టిన రొట్టె ఉంటుంది, అది వేడివేడిగా ఉన్నప్పుడే తినాలి.

తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్‌లో సుంకం లేకుండా రెండు లీటర్ల వరకే వదులుతారు. అంటే రెండు సీసాలు. ఒకటి నువ్వు ఎంచుకున్నది, ఒకటి మీ హోటల్ వాళ్లకి. నాకు వద్దు, నీ నోట్‌బుక్ చూపించు చాలు.

అక్కడ సాయంత్రం ఏడైతే ఇక్కడ ఎనిమిదిన్నర. రోజూ ఆ టైంకి అమ్మకి ఫోన్ చెయ్యి, రెండు నిమిషాలైనా సరే. సిగ్నల్ లేని ఊరికి వెళ్తుంటే ముందురోజే చెప్పు, లేకపోతే ఇద్దరికీ టెన్షన్.

మీ మావయ్య