వచ్చి ఉంటే, వెళ్ళాల్సింది, జరిగిందట: ఫ్రెంచ్ నేర్చుకుంటున్న మా అమ్మలుకి

ప్రియమైన అమ్మలూ,

నీ మెయిల్ చదివాను. కెనడా వలసకి రాసే ఫ్రెంచ్ పరీక్ష టెఫ్ కెనడా దగ్గరపడుతోందని, పాసే కోఁపొజే (జరిగిపోయింది చెప్పే మామూలు భూతకాలం) వరకూ బాగానే సాగిందని, కోఁదిస్యొనెల్ పాసే ('చేసి ఉండేదాన్ని' అని చెప్పే కాలం) దగ్గరికొచ్చేసరికి టెన్షన్ మొదలైందని రాశావు. నువ్వు పంపిన వాక్యాలన్నీ ఓపిగ్గా చూశాను. ఫ్రెంచ్ రాక జరిగిన తప్పులు వాటిలో తక్కువ. ముందు ఇంగ్లీషులో అనుకుని, దాన్ని ఫ్రెంచ్‌లోకి మార్చబోయి చేసినవే ఎక్కువ. అందుకే అన్నిటికన్నా ముందు ఒక మాట. ఈ కాలం దగ్గర ఇంగ్లీషును పక్కన పెట్టు, తెలుగులోంచి నేరుగా ఫ్రెంచ్‌లోకి రా. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాక నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఇది.

ఫ్రెంచ్ మాటల్ని తెలుగు లిపిలోనే రాస్తున్నాను. స్పెల్లింగులు నీ పుస్తకంలో ఉన్నాయి, నాకు మాత్రం అవి ముందు నీ చెవికెక్కాలి. పైకి చదువుకో.

రూపం సంగతి తొందరగా తేల్చేద్దాం, అది నిజంగానే సులువు. నీకు కావాల్సింది రెండే రెండు సహాయక క్రియల కోఁదిస్యొనెల్ ప్రెజాఁ (ఇదే రూపం, ఇప్పటి సంగతికి వాడేది): అవ్వార్ (కలిగి ఉండడం), ఎత్ర్ (ఉండడం). అవ్వార్‌కి జొరె, త్యు ఒరె, ఇల్ ఒరె, ను జొరియోఁ, వు జొరియే, ఇల్ జొరె. ఎత్ర్‌కి జ సరె, త్యు సరె, ఇల్ సరె, ను సరియోఁ, వు సరియే, ఇల్ సరె. వీటి పక్కన పార్తిసిప్ పాసే (పార్లే, వన్యు లాంటి, జరిగిన పనిని చెప్పే క్రియారూపం) పెడితే అయిపోయింది. అది నీకు పాసే కోఁపొజేలో ఎలాగూ వచ్చు. జె పార్లే అంటే మాట్లాడాను, జొరె పార్లే అంటే మాట్లాడి ఉండేదాన్ని. కొత్తగా బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు. కాదనడానికి న, పా రెండూ సహాయక క్రియకి అటూ ఇటూ కూర్చుంటాయి: జ న సరె పా వన్యు, నేను వచ్చేదాన్ని కాదు.

ఏ క్రియకి అవ్వార్, దేనికి ఎత్ర్ అన్నదీ పాసే కోఁపొజేలో లాగే. వెళ్ళడం, రావడం, పుట్టడం, చనిపోవడం, ఉండిపోవడం, పడడం లాంటివీ, స ('తనని తాను' అనే మాట) చేరే క్రియలన్నీ ఎత్ర్‌తోనే. కానీ సొర్తీర్ (బయటికి వెళ్ళడం) లాంటిదానికి కర్మ వచ్చిందంటే అవ్వార్‌కి మారిపోతుంది. నేను బయటికి వెళ్ళేదాన్ని అంటే జ సరె సొర్తి, చెత్తబుట్ట బయట పెట్టేదాన్ని అంటే జొరె సొర్తి లా పుబెల్. ఇక్కడ చాలామంది తడబడతారు.

ఎత్ర్‌తో వచ్చినప్పుడు కర్త ఆడా మగా అన్నది చూడాలి కదా, అదే మర్చిపోతున్నానని రాశావు. నువ్వు 'వచ్చేదాన్ని' అంటావు, మీ తమ్ముడు 'వచ్చేవాణ్ణి' అంటాడు. ఇద్దరూ 'నేను' అనే మొదలుపెట్టినా క్రియ చివర ఎవరో తెలిసిపోతుంది. ఇంగ్లీషు క్రియలో ఆ తేడా లేదు. ఫ్రెంచ్‌లో అదే పని వన్యు చివర రాసే ఒక్క అక్షరం (e) చేస్తుంది. వినపడదు కాబట్టి రాసేటప్పుడు 'దాన్ని' అని మనసులో అనుకో, ఆ అక్షరం దానంతటదే గుర్తొస్తుంది.

ఇక 'సి' వాక్యాలు, అంటే 'ఉంటే' అని షరతు పెట్టేవి. సి త్యు మవె అప్లే, జ సరె వన్యు. నువ్వు నన్ను పిలిచి ఉంటే వచ్చేదాన్ని. 'ఉంటే' ఉన్న ముక్కలో ప్ల్యుస్ క పార్ఫె (గతానికి ముందు గతం చెప్పే కాలం, ఇక్కడ అవె అప్లే), ఫలితం చెప్పే ముక్కలో కోఁదిస్యొనెల్ పాసే. నీ వాక్యాల్లో చాలాచోట్ల సి తర్వాత జొరె వచ్చింది. ఇంగ్లీషు మాటల్లో ఆ రెండు ముక్కలూ ఒకేలా వినపడుతుండడం వల్ల వచ్చిన అలవాటు అది. తెలుగులో నువ్వు 'పిలిచేదానివైతే వచ్చేదాన్ని' అని సాధారణంగా అనవు. ఫ్రాన్స్‌లో పిల్లలకి బళ్ళో నేర్పే మాట ఒకటుంది: లె సి నెమ్ పా లె రె. 'సి'లకి 'రె'లంటే, అంటే జొరె, సరె లాంటి రూపాలంటే, పడదు అని. రాయడం మొదలుపెట్టేముందు చిత్తు కాగితం మీద ఇది రాసుకో.

ఒక్క మినహాయింపు. 'సి' అంటే 'లేదో' అని అర్థమొచ్చినప్పుడు దానికి రె పడుతుంది. జ న సె పా సిల్ ఒరె అక్సెప్తే, అతను ఒప్పుకునేవాడో లేదో నాకు తెలీదు. ఈ వాక్యాన్ని తప్పనుకుని దిద్దేసుకునేవాళ్ళని చూశాను. ఇంకొకటి, ఫలితం ఇప్పటికీ నిలిచి ఉంటే రెండో ముక్క కోఁదిస్యొనెల్ ప్రెజాఁలోకి రావచ్చు. సి జవె అప్రీ ల ఫ్రాఁసె ప్ల్యు తో, జ పార్లరె మియ ఓజుర్‌ద్వి: ముందే ఫ్రెంచ్ నేర్చుకుని ఉంటే ఈరోజు ఇంకా బాగా మాట్లాడేదాన్ని. అన్నిటికీ ఒకే మూస వాడకు, ఏ రోజు గురించి మాట్లాడుతున్నావో చూసుకో.

నాకు ఈ కాలంలో అన్నిటికన్నా ఇష్టమైనది, నీకు రోజూ పనికొచ్చేది, పశ్చాత్తాపమూ నిష్ఠూరమూ. జె ద్యు పార్తీర్, జొరె ద్యు పార్తీర్. ఈ రెంటికీ తేడా ఇంగ్లీషులో వివరించాలంటే పేజీ పడుతుంది. తెలుగులో చూడు: వెళ్ళాల్సొచ్చింది, వెళ్ళాల్సింది. మొదటిదాంట్లో వెళ్ళావు, రెండోదాంట్లో వెళ్ళలేదు, ఇప్పుడు బాధపడుతున్నావు. అలాగే జొరె ఎమే అంటే చేస్తే బాగుండేది అన్న కోరిక, తీరనిది. త్యు ఒరె ప్యు మ ల దీర్ అంటే 'నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా!' ఈ వాక్యం పలికేటప్పుడు మనం అలిగినప్పుడు తీసే దీర్ఘం తియ్యి, ఫ్రెంచ్‌వాళ్ళకీ అది సరిగ్గానే తగులుతుంది.

'ఆల్సింది' అన్న ప్రతిచోటా జొరె ద్యు వేసెయ్యకు మరి. బస్సు ఐదింటికి రావాల్సింది అంటే అది టైమ్‌టేబుల్ సంగతి, అక్కడ ఎఁపార్ఫె (గతంలో ఉన్న స్థితి, అలవాటు చెప్పే కాలం) చాలు, దవె అంటారు. నిష్ఠూరం ఉంటేనే ఒరె ద్యు.

ఇప్పుడు పరీక్షకి సూటిగా పనికొచ్చేది చెప్తాను, దీన్ని కోచింగుల్లో పెద్దగా పట్టించుకోరు. టెఫ్ రాతపరీక్షలో మొదటి భాగం, పేపర్లో పడే ఒక చిన్న ఘటన వార్తకి ముగింపు రాయడం, కనీసం 80 పదాలు. ఫ్రెంచ్ విలేఖరులు ఇంకా నిర్ధారణ కాని సంగతిని ఈ కాలంలోనే రాస్తారు. లక్సిదాఁ ఒరె ఫె త్రవా బ్లెసే: ప్రమాదంలో ముగ్గురు గాయపడినట్టు సమాచారం. ల కోఁద్యుక్తోర్ స సరె ఆఁదొర్మి: డ్రైవర్ నిద్రపోయాడట. మన పేపర్లో 'సమాచారం', 'తెలుస్తోంది' అని రాసేదీ, ఇంట్లో 'అట' అనేదీ వాళ్ళు క్రియ రూపంలోనే ఇమిడ్చేస్తారు. ఇక్కడ 'ఉంటే' అన్న షరతు ఏదీ లేదు, వెతక్కు. ఇలాంటి వాక్యాలు రెండు సరిగ్గా పడితే దిద్దేవాళ్ళకి నీకు భాష మీద పట్టుందని తెలిసిపోతుంది. మొత్తం వార్తంతా 'అట' చేసెయ్యకు, పోలీసులు ఖాయం చేసినవి పాసే కోఁపొజేలోనే ఉండాలి.

మౌఖికంలో మొదటి భాగం, ఒక ప్రకటన చూసి ఫోన్ చేసి వివరాలు అడగడం. అక్కడ మర్యాదగా మొదలుపెట్టడానికి ఇదే కాలం: జొరె వులు సవ్వార్ సిల్ యావె ఆఁకోర్ దె ప్లాస్, ఇంకా సీట్లు ఉన్నాయేమో కనుక్కుందామని. కౌంటర్ దగ్గరైనా, ఆఫీసులోనైనా ఈ జొరె వులు నిన్ను కాపాడుతుంది. కెనడా వెళ్ళాక కూడా వాడుకో.

ఒకచోట తెలుగు నిన్ను మోసం చేస్తుంది, అక్కడ జాగ్రత్త. 'చిన్నప్పుడు రోజూ అమ్మమ్మ ఇంటికి వెళ్ళేదాన్ని' అన్నప్పుడూ అదే 'దాన్ని' వస్తుంది. అది అలవాటు, దానికి ఎఁపార్ఫె. వాక్యం చివర 'కానీ వెళ్ళలేదు' అని తగిలించి చూడు. అతికితే కోఁదిస్యొనెల్ పాసే, అతకకపోతే ఎఁపార్ఫె. 'పిలిస్తే వచ్చేదాన్ని' కూడా ఇలాంటి చిక్కే. అది నిన్నటి మాటా రేపటి మాటా తేలదు. రాసేముందు దాన్ని 'పిలిచి ఉంటే' అని మార్చుకుని చూడు.

స్పెల్లింగులో నీకు పదేపదే పోతున్న మార్కు జొరె చివర ఎస్. అది లేకపోతే అర్థమే మారిపోతుంది, 'చేసేసి ఉంటాను' అని భవిష్యత్తులోకి వెళ్ళిపోతుంది. రెండూ చెవికి దాదాపు ఒకటే. అనుమానమొస్తే 'నేను' తీసి 'అతను' పెట్టు. ఇల్ ఒరా అని వస్తే ఎస్ వద్దు, ఇల్ ఒరె అని వస్తే ఎస్ కావాలి.

సాహిత్యంలో దీనికి రెండో రూపం ఒకటి కనపడుతుంది, పరీక్షకి దాని అవసరం లేదు, ఇప్పుడు దాని జోలికి పోకు.

రోజూ రాత్రి ఆ రోజు నువ్వు చెయ్యాల్సి చెయ్యనివి మూడు, ఎవరైనా చేసుండాల్సినవి రెండు, ఆ రోజు పేపర్లోంచి ఒక 'సమాచారం' వార్త తీసుకుని పైకి చెప్పుకో, తర్వాత రాయి. వ్యాకరణ పుస్తకంలో ఖాళీలు నింపడం కన్నా ఇది బాగా పట్టుకుంటుంది, ఎందుకంటే అవి నీ సొంత బాధలు. ఆదివారం లోపు ఒక చిన్న వార్త రాసి ఫొటో తీసి పంపు. ఎరుపు పెన్నుతో దిద్ది అదే రోజు తిరిగి పంపిస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ