పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: రబ్బరు పెంచే ముందు చేయి బరువు చూడండి

ప్రశ్న: విద్యార్థుల రోబోటిక్స్ పోటీకి మా బృందం కాటపుల్ట్ (రబ్బరు బిగువుతో చేయి ఎగిరి బంతిని విసిరే యంత్రం) తయారుచేస్తోంది. 200 గ్రాముల బంతి నాలుగు మీటర్ల అవతల, దాదాపు అదే ఎత్తులో ఉన్న పెట్టెలో పడాలి. 40 సెంటీమీటర్ల పొడవు, 300 గ్రాముల బరువు ఉన్న అల్యూమినియం చేయి అడ్డంగా పడుకున్న స్థితి నుంచి నిటారుగా లేచి స్టాపర్‌కు తగిలి ఆగుతుంది. బంతి మాత్రం పైకి లేవకుండా నేలబారుగా పోతోంది. మరో రెండు రబ్బరు గొట్టాలు బిగిస్తే చేతిని వెనక్కి లాగే మోటారే నిలిచిపోతోంది. పైగా ఒక్కో విసురుకు అర మీటరు దాకా తేడా వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: మీ బంతి నేలబారుగా పోవడానికి రబ్బరు బలహీనత కారణం కాదు. చేయి ఆగిన క్షణంలో బంతి చేతికి లంబంగా ఉన్న దిశలో బయలుదేరుతుంది కనుక, నిటారుగా ఆగిన చేయి బంతిని సూటిగా ముందుకే పంపుతుంది. 45 డిగ్రీల కోణంలో బంతి లేవాలంటే చేయి నిటారు స్థితికి ఇంకా 45 డిగ్రీలు వెనుక ఉండగానే ఆగాలి. అప్పుడు తిరిగే దూరం సగమైపోతుంది కదా అని మీకు సందేహం రావచ్చు. అందుకే ఇరుసును కాస్త ఎత్తున అమర్చి, చేయి అడ్డగీతకు 45 డిగ్రీలు దిగువ నుంచి మొదలయ్యేలా చేస్తే 90 డిగ్రీల తిరుగుడు మీకు యథాతథంగా దక్కుతుంది.

ఇప్పుడు శక్తి లెక్క చూడండి. నాలుగు మీటర్లు పోవడానికి బంతికి సెకనుకు సుమారు 6.3 మీటర్ల వేగం కావాలి, అంటే దాదాపు 4 జౌళ్ల శక్తి. అదే క్షణంలో మీ చేయి ఒక్కటే మరో 2 జౌళ్లు మింగేస్తోంది, ఆ శక్తంతా స్టాపర్‌ను మోదడానికే ఖర్చవుతోంది. చేతికి రంధ్రాలు తొలిచి 150 గ్రాములకు దించితే అందులో సగం మిగులుతుంది. అయితే కొసన బంతిని పట్టి ఉంచే గిన్నెను మరవకండి. అక్కడి 50 గ్రాములు, చేయి పొడవునా సమంగా పరచుకున్న 150 గ్రాములంత శక్తిని తీసుకుంటాయి. ఉండేలులో ఈ బెడద లేకపోవడానికి కారణం, అందులో రబ్బరు నేరుగా రాయినే లాగడం. నడుమ మోయవలసిన చేయి లేదు.

ఘర్షణ నష్టాలను కూడా కలుపుకొని మీరు 8 జౌళ్లకు రూపకల్పన చేస్తున్నారనుకుందాం. 90 డిగ్రీల తిరుగుడులో ఆ శక్తిని నింపడానికి సగటున 5 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) చాలు. కానీ రబ్బరు పూర్తిగా వదులుగా ఉన్న స్థితి నుంచి మొదలైతే చివరి దశలో అది 10 దాకా పెరుగుతుంది, మీ మోటారు చేతులెత్తేసేది అక్కడే. చేయి స్టాపర్‌ను ఆనుకొని ఉన్నప్పుడు కూడా రబ్బరులో గరిష్ఠ బిగువులో సగం ఉండేలా కట్టండి. అప్పుడు అదే 8 జౌళ్లకు గరిష్ఠ టార్క్ 7 లోపే ఉంటుంది. మోటారు పూర్తిగా నిలిచిపోయే టార్క్‌లో సగానికి మించి భారం పడకుండా గేరు నిష్పత్తి ఎంచుకోండి.

ఇక అర మీటరు తేడా సంగతి. 45 డిగ్రీల దగ్గర కోణం రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా దూరం ఒక సెంటీమీటరుకు మించి మారదు. శక్తి 5 శాతం తగ్గితే మాత్రం దూరమూ 5 శాతం, అంటే 20 సెంటీమీటర్లు తగ్గుతుంది. రబ్బరును సాగదీసి ఉంచితే క్రమంగా బిగువు కోల్పోతుంది. ఒకసారి రెండు సెకన్లు, మరోసారి అర నిమిషం లాగి ఉంచి వదిలితే ఫలితం ఒకేలా ఉండదు. కొత్త గొట్టాన్ని చాలాసార్లు సాగదీసి వదిలిన తరువాతనే కొలతలు తీసుకోండి. చేయి ప్రతిసారీ ఒకేచోట ఆగడానికి లిమిట్ స్విచ్ (చేయి తగలగానే మోటారును ఆపించే మీట) గానీ పొటెన్షియోమీటర్ (చేయి ఎంత తిరిగిందో చెప్పే పరికరం) గానీ అమర్చండి. బంతి గిన్నెలో ప్రతిసారీ ఒకే తీరున కూర్చుంటోందా అన్నదీ చూసుకోవాలి.

మరొక మాట: పరీక్షించేటప్పుడు రక్షణ కళ్లద్దాలు ధరించండి. లాగి ఉన్న చేతి దగ్గర పని చేయవలసి వస్తే ముందుగా దానిలో ఒక ఇనుప పిన్ను దూర్చండి. కరెంటు ఆపినంత మాత్రాన రబ్బరులోని శక్తి ఎక్కడికీ పోదు.

ప్రశ్న: విడుదలకు కొక్కెం మేలా, కొన్ని పళ్లు తీసేసిన గేరు మేలా?

జవాబు: బంతులను వెంటవెంటనే విసరాలంటే పళ్లు తీసిన గేరే మేలు. మోటారు ఒకే దిశలో తిరుగుతూ చేతిని లాగుతుంది, పళ్లు లేని భాగం రాగానే చేయి దానంతటదే విడిపోతుంది. చిక్కంతా విడిపోయే ముందరి చివరి పన్నుతోనే. గరిష్ఠ భారమంతా దానిపైనే పడుతుంది కనుక ప్లాస్టిక్ గేరు అయితే రెండింటిని పక్కపక్కన జోడించండి. దూరాన్ని మధ్యలో మార్చుకోవాలనుకుంటే మాత్రం ఏ స్థానంలోనైనా విడుదల చేయగల కొక్కెం, వించ్ (తాడును చుట్టుతూ లాగే డ్రమ్ము) కలిపి వాడడం తప్పదు.

ప్రశ్న: కాటపుల్ట్ బదులు వేగంగా తిరిగే చక్రాలతో బంతిని విసరడం సులువు కాదా?

జవాబు: చిన్న బంతులు, వరుస విసుర్లు అయితే చక్రాలే సులువు. బంతి పెద్దదైతే లెక్క మారుతుంది. 2014 నాటి ఫస్ట్ (FIRST) అనే విద్యార్థుల రోబోటిక్స్ పోటీలో ఆట వస్తువు 24 అంగుళాల వ్యాసమున్న వ్యాయామపు బంతి. అంతటి బంతిని చక్రాల నడుమ సమంగా నొక్కిపట్టడం కష్టం కనుక చాలా బృందాలు కాటపుల్ట్ వైపే మొగ్గాయి.