అల్లుడూ, ఫొటో చూసి లిస్టు రాయకు

చిరంజీవి అల్లుడికి,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నువ్వూ నీ స్నేహితులూ కలిసి మన ఫుట్‌బాల్ టీమ్ బాధ్యత తీసుకున్నారట, పాత ఆటగాళ్లందరినీ వెతికి పట్టుకుని ఒకచోట చేరుస్తారట. విన్నాక నా ఆనందం చెప్పనలవి కాదు. మీ అత్తయ్యకి రెండుసార్లు చెప్పాను, మూడోసారి మొదలెడితే వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ సంబరం కాస్త చల్లారాక టెన్షన్ పట్టుకుంది. కొత్త బంతులు, గోల్‌పోస్టులు డబ్బుంటే వస్తాయి. అలిగి వెళ్లిపోయిన మనుషులు రారు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. వాట్సాప్ గ్రూపు పెట్టు. అందులో పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మలు పెట్టేవాళ్లని మొదట్లోనే అదుపు చెయ్యి. చందాల లెక్క ఎవరు అడిగినా చూపించేలా రాసుకో. టీమ్ పేరూ జెర్సీ రంగూ ముట్టుకోకు. కలకత్తా మోహన్ బగాన్ క్లబ్ సంగతి నీకు నాకంటే బాగా తెలుసు. 2020లో కొత్త యాజమాన్యం వచ్చి ఆ పేరు ముందు ఏటీకే అని తగిలించింది, అభిమానులు ఊరుకోలేదు, 2023లో ఆ ముక్క తీసెయ్యక తప్పలేదు. వాళ్లంత పెద్దవాళ్లకే అలా అయితే మనమెంత!

ఇక అసలు సంగతి. మన టీమ్ గదిలో గోడకి ఒక ఫొటో ఉంటుంది, చూసే ఉంటావు. కప్పు మధ్యలో, అటూ ఇటూ మేము, వెనకాల మన విజయనగరం అయోధ్య మైదానం. దాన్ని చూసి మాత్రం లిస్టు రాయకు. ఇదివరకటి కమిటీ చేసిన పని అదే.

ఆ ఫైనల్లో సెకండ్ హాఫ్ సగం గడిచేసరికి మన లెఫ్ట్ బ్యాక్, అదే ఎడమవైపు కాపు కాసేవాడి కాలు విరిగింది. మోకాలికీ చీలమండకీ మధ్య ఎముక. ఆ చప్పుడు గోల్ దగ్గర నిలబడ్డవాళ్లకి కూడా వినిపించింది. అప్పట్లో గ్రౌండుకి అంబులెన్సు ఎక్కడిది? బెంచీ మీద కూర్చున్న రిజర్వ్ గోల్‌కీపర్ పరిగెత్తుకొచ్చాడు. తన స్టాకింగ్స్ విప్పి, కార్నర్ జెండా కర్రని రెండు ముక్కలు చేసి, కాలికి అటొకటీ ఇటొకటీ పెట్టి కట్టాడు. రిక్షా ఎక్కించి ఆ కాలు తన ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. గుంత వచ్చినప్పుడల్లా దిగి, కాలు కదలకుండా పట్టుకుని, పక్కన నడిచాడట. ఇక్కడ మేం గెలిచాం, గెంతులు వేశాం, ఫొటో దిగాం. ఆ ఇద్దరూ అందులో లేరు.

ఇరవై అయిదేళ్లు తిరిగాక అప్పటి కమిటీ సిల్వర్ జూబిలీ చేసింది. ఒక కుర్రాడు ఆ ఫొటో ముందు కూర్చుని తలలు లెక్కపెట్టి అన్నే శాలువాలు తెప్పించాడు. మూడు లాంతర్ల దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందరి పేర్లూ ఉన్నాయి, ఈ ఇద్దరివీ లేవు. లెఫ్ట్ బ్యాక్ అప్పటికే వైజాగ్‌లో స్థిరపడ్డాడు, విని నవ్వేసి ఊరుకున్నాడు. రెండోవాడు ఊళ్లోనే ఉన్నాడు. సంచీ పట్టుకుని కూరగాయలకి వెళ్తూ ఆ ఫ్లెక్సీ మొత్తం చదివాడు. టీమ్‌లో ఉన్నన్నాళ్లూ బెంచీ మీదే కూర్చున్నాడు పాపం, టీమ్‌కి అతను పనికొచ్చిన రోజు అదొక్కటే. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. ఆ వారం నుంచే వాళ్లబ్బాయి ప్రాక్టీసుకి రావడం మానేశాడు. జూనియర్స్‌లో అలాంటి గోల్‌కీపర్ మనకి మళ్లీ దొరకలేదు, బంతి వాడి చేతుల్లోకి వెళ్తే అతుక్కుపోయేది. కమిటీవాళ్లు ఇంటికి వెళ్తే తండ్రి టీ ఇచ్చి, వర్షాల గురించి మాట్లాడి పంపించాడట. మర్నాడు శాలువా పంపితే కవర్ విప్పకుండా తిప్పి పంపాడు. నాకివన్నీ తర్వాత లెఫ్ట్ బ్యాక్ చెప్పాడు. చెబుతూ తన కాలు నిమురుకున్నాడు, ఏడ్చాడు కూడా.

అందుకని లిస్టు ఇలా రాయి. పాత ఎంట్రీ ఫారాలు, బస్సు ఖర్చుల చిట్టాలు నా పెట్టెలో ఉన్నాయి, పంపిస్తాను. కలిసిన ప్రతి ఆటగాడినీ "ఫొటోలో లేనివాళ్లు ఇంకెవరున్నారు బాబాయ్?" అని అడుగు. మన బూట్ల స్టడ్లు కొట్టి, బంతి కుట్లు ఊడితే కుట్టిపెట్టిన మనిషి కోట జంక్షన్ దగ్గర కూర్చునేవాడు. మ్యాచ్ ఉందంటే డబ్బుల మాట ఎత్తేవాడు కాదు. గ్రౌండులో సున్నం గీతలు వేసినాయన ఉన్నాడు. వాళ్లూ మనవాళ్లే.

మొదటి ఇల్లు మాత్రం ఆ రిజర్వ్ గోల్‌కీపర్‌దే. ఫోన్లో పిలవకు, వెళ్లు. శాలువా పట్టుకెళ్లకు, కెమెరా కుర్రాణ్ణి అసలే తీసుకెళ్లకు. "ఏటి బాబూ, ఇప్పుడు గుర్తొచ్చామేటి?" అంటాడు. అననీ. జవాబు వెతుక్కోకు, పాత కమిటీని తిట్టి మార్కులు కొట్టెయ్యాలనీ చూడకు. కూర్చుని ఆ ఫైనల్ రోజు సంగతి చెప్పమను. మనవడు ఆడతాడా అని మాత్రం మొదటిసారే అడక్కు, నీ తొందర నాకు తెలుసు. వాళ్లబ్బాయి గురించి కూడా అడగొద్దు, అతనే ఎత్తితే వినాలి.

ఫంక్షన్ జనవరి 26న అంటున్నారట. ఎవరు చెప్పారురా మీకు? ఆ రోజు ప్రతివాడికీ ఎక్కడో ఒక జెండా వందనం ఉంటుంది. బయట ఊళ్లలో ఉన్న మనవాళ్లంతా ఒకేసారి ఊరికి వచ్చేది దసరా తర్వాత పైడితల్లి పండక్కే. సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను, ఆ రెండు రోజులూ ఎవరినీ కదపలేవు. ఇళ్ల నిండా చుట్టాలు, మూడు లాంతర్ల దగ్గర అడుగు వేసే జాగా ఉండదు. బుధవారం పొద్దున్న పెట్టు. సాయంత్రం రైలెక్కేలోపు మనుషులు నీ చేతిలో ఉంటారు. ఇడ్లీ, ఉప్మా చాలు.

ఎగ్జిబిషన్ మ్యాచ్ పెడతామంటున్నారని కూడా విన్నాను. నాకు ఆ మాట వింటేనే కాళ్లలో వణుకు. అరవై దాటినవాళ్లు, ఒకరికి స్టెంటు, ఒకరికి షుగర్, అయినా విజిల్ వినబడితే కుర్రాళ్లమనుకుంటారు. నేనూ అంతే, అందుకే చెబుతున్నాను. ఆడించాలనుంటే వాకింగ్ ఫుట్‌బాల్ ఆడించు. 2011లో ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో పెద్ద వయసువాళ్ల కోసమే మొదలెట్టారు దాన్ని. పరిగెత్తితే ఫౌల్, నడుస్తూనే ఆడాలి. తలతో కొట్టడం కూడా వద్దని ముందే చెప్పెయ్యి.

తల మాట వచ్చింది కాబట్టి మన సెంటర్ హాఫ్, అదే మధ్యలో కాపు కాసేవాడి గురించి చెప్పాలి. ఎంత ఎత్తు నుంచి బంతి వచ్చినా తలతో తిప్పి కొట్టేవాడు. ఆ రోజుల్లో తోలు బంతి, వాన పడితే నీళ్లు పీల్చి పచ్చి కొబ్బరిబోండంలా బరువెక్కేది. ఇప్పుడు అతనికి మనుషులు గుర్తుండటం లేదు. ఆటవల్లే అని నేననను, ఆ మాట డాక్టర్లు చెప్పాలి. కానీ 2019లో గ్లాస్గోవాళ్లు స్కాట్లండ్ మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ల లెక్కలు తీస్తే, మతిమరుపు లాంటి మెదడు జబ్బులతో చనిపోయే ప్రమాదం మామూలువాళ్లకంటే మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన జూనియర్స్‌తో హెడ్డింగ్ ప్రాక్టీసు తగ్గించు, చిన్నపిల్లలకైతే అసలు వద్దు. ఇది సలహా కాదు, నా మాటగా చెయ్యి.

ఇంకొకటి. మన రైట్ అవుట్, అదే కుడి అంచున ఆడేవాడు, తాగుతాడు, ఊరందరికీ తెలుసు. అతన్ని పిలవొద్దని మీలో ఎవరో అన్నారట. గెర్డ్ ముల్లర్ పేరు విన్నావుగా? 1974 వరల్డ్ కప్ ఫైనల్లో పశ్చిమ జర్మనీకి గెలుపు గోల్ కొట్టినవాడు. ఆట మానేశాక తాగుడులో పడ్డాడు. బయర్న్ మ్యూనిక్ క్లబ్‌లో తనతో ఆడినవాళ్లే పట్టుకొచ్చి చికిత్స చేయించారు, తర్వాత క్లబ్‌లోనే కోచింగ్ పని ఇచ్చారు. ఆ పనే అతన్ని నిలబెట్టిందని నా నమ్మకం. మన రైట్ అవుట్‌ చేతిలో డబ్బు కవర్ పెట్టకు, ఆ రాత్రికే ఖర్చయిపోతుంది. ముందు వాళ్లావిడతో మాట్లాడి డాక్టరు దగ్గరికి పంపించే దారి చూడు. తర్వాత పొద్దున్న ఆరింటికి పిల్లలకి క్రాస్‌లు, అంటే అంచు నుంచి గోల్ ముందుకి బంతి కొట్టడం, నేర్పే పని ఇవ్వు. రోజూ వస్తాడని హామీ ఇవ్వలేను. రాని రోజు ఇంటికి ఒక కుర్రాణ్ణి పంపు, నిలదియ్యడానికి కాదు, లేపడానికి.

పెన్షన్లు, ఇళ్ల స్థలాలు అంటూ మైకులో వాగ్దానాలు చెయ్యకు. ఫ్లెక్సీ మీద నీ ఫొటో వద్దు, డబ్బు పెట్టిన నీ స్నేహితుడిదీ వద్దు. కోపం వచ్చిందా? రానీ. చిన్నప్పుడు గోల్ వెనకాల నిలబడి బంతులు అందించేవాడివి, గుర్తుందా? ఒకరోజు బంతి ముక్కుకి తగిలి రక్తం కారుతుంటే ఏడవకుండా, "మావయ్యా, గోల్ అయిందా?" అని అడిగావు. ఆ అబ్బాయి టీమ్ నడపబోతున్నాడంటే నాకు భయమూ గర్వమూ కలిసే వస్తాయి మరి.

సెంటర్ హాఫ్ ఇంటికి మాత్రం నన్నూ తీసుకెళ్లు. సాయంత్రమైతే అతనికి గాభరా ఎక్కువవుతుందని వాళ్లమ్మాయి చెప్పింది, పొద్దున్న పదింటికల్లా వెళ్దాం. మీ అత్తయ్య వడియాలు రెండు డబ్బాలు కట్టింది, పెద్దది మీ అమ్మకి. చిట్టాలు కూడా ఆ సంచిలోనే పెడుతున్నాను, నూనె అంటకుండా విడిగా తీసిపెట్టు.

ఆశీస్సులతో,
మీ మావయ్య