గోగు చిగుళ్ల మీద పిండినల్లి: వేపనూనె కొట్టినా ఎందుకు పోలేదు

గోగుకు పట్టిన పిండినల్లి (తెల్లపురుగు) మీద వేపనూనె లీటరుకు 5 మి.లీ. చొప్పున రెండుసార్లు కొట్టినా పురుగు అలాగే ఉందని, కొన్ని ఆకులు మాడాయని అడిగారు. రెండింటికీ కారణం ఒకటే: నూనె నీళ్లలో కలవలేదు. నూనె పైకి తేలింది. ట్యాంకు మొదట్లో ఉత్త నీళ్లు, చివర్లో చిక్కటి నూనె పడ్డాయి.

చాలామంది తప్పేది కలిపే వరసలో. సబ్బును నీళ్లలో వేసి, పైన నూనె పోస్తారు. అలా కాదు.

1. 10 లీటర్ల ట్యాంకుకు 50 మి.లీ. వేపనూనె, 10 మి.లీ. ద్రవ సబ్బు. ముందు ఈ రెండింటినే చిన్న డబ్బాలో బాగా గిలక్కొట్టండి.
2. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. పాలలా తెల్లబడాలి. నూనె చుక్కలు తేలితే కొట్టొద్దు.
3. అప్పుడే నీళ్లున్న ట్యాంకులో పోసి, మధ్యమధ్య కుదుపుతూ వెంటనే కొట్టేయండి.

శ్రీకాకుళం జిల్లా నౌపడ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటే సబ్బు విరిగిపోతుంది. చెరువు నీళ్లు వాడండి.

బాగా ముడుచుకున్న చిగుళ్లను ముందే తుంచి కాల్చేయండి, మందు లోపలికి చేరదు. సాయంత్రం, ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. దూది లాంటి సంచిలోని గుడ్లు చావవు, కాబట్టి 7 రోజులకు మళ్లీ కొట్టాల్సిందే. చీమలను కూడా చూడండి, పురుగును మొక్క నుంచి మొక్కకు అవి కూడా మోస్తాయి.

కొన్న వేపమందు 1500 పీపీఎం (మందులో అజాడిరక్టిన్ అనే వేప పదార్థం ఎంత ఉందో చెప్పే అంకె) అయితే లీటరుకు 5 మి.లీ. కూరకు కోసే గోంగూర మీద ప్రొఫెనోఫాస్ అనే రసాయన పురుగుమందు మాత్రం దయచేసి కొట్టకండి.