చిట్లిన స్లాబు కథ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. షావుకారుపేటలో నాణేలమ్మే పెద్దాయన మాటతీరు చక్కగా పట్టుకున్నావు, అక్కడ నేను వేలు పెట్టను. చిక్కంతా స్లాబు దగ్గరే, అంటే నాణేనికి గ్రేడు వేసి చీటీతో సహా మూసి ఇచ్చే ఆ ప్లాస్టిక్ పెట్టె దగ్గరే. స్లాబు చేయి జారి కిందపడ్డ చోట "పగుళ్ల నడుమ చరిత్ర విలపించింది" అని రాశావు. చరిత్ర సంగతి తర్వాత, ముందు ఏం పగిలిందో చెప్పు. మూల చిట్లిందా? అతుకు విడిపోయిందా? పైన గీత పడి ఊరుకుందా? గీతైతే యజమానికి చిరాకు, అంతే. అతుకు విడిపోతే మాత్రం "మధ్యలో ఎవరైనా నాణెం మార్చారేమో" అన్న అనుమానం మొదలవుతుంది. నాణెం అదే, గ్రేడు చీటీ అదే, ధర మాత్రం పడిపోతుంది. కథకు ప్రాణం అక్కడుంటే నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు.

ఎవరినైనా అడిగి ఒక స్లాబు చేతిలోకి తీసుకో. ట్యూబ్‌లైట్ కింద మెల్లగా అటూ ఇటూ వంచు. గీత ప్లాస్టిక్ మీదదైతే నాణెం బొమ్మ మీద పక్కకు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. నాణెం మీదదైతే బొమ్మను అంటిపెట్టుకునే ఉంటుంది. తర్వాత అంచు చూడు. ఈ పెట్టెల్ని జిగురుతో కాదు, అల్ట్రాసోనిక్ కంపనాలతో కరిగించి అతుకుతారు. బలవంతంగా తెరిచి మళ్లీ మూస్తే అంచు వెంట తెల్లటి మసక మిగిలే అవకాశం ఎక్కువ. నీ పెద్దాయన ధర మాట్లాడే ముందు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి వెతకాల్సింది దాన్నే. అది రాస్తే ఆ మూడు పేజీల సంభాషణ సగానికి సగం తీసెయ్యొచ్చు.

"గాలి చొరబడని పెట్టె" అన్నావు. కొట్టెయ్. చొరబడుతుంది. మన మద్రాసు ఉక్కపోతలో స్లాబులోని వెండి కూడా మెల్లగా రంగు తిరుగుతుంది. నాణెం ఎంత బాగుందో కొలిచే షెల్డన్ స్కేలు మీద రెండు పేరాల పాఠం కూడా వద్దు. 1 నుంచి 70 దాకా మార్కులని ఒక ముక్కలో చెప్పు, చాలు.

ఇక అసలు చిక్కు. నువ్వు ఎంచుకున్నది 1807-08 నాటి మద్రాసు వెండి అర పగోడా నాణెం. ఒకవైపు గోపురం, మరోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు. మంచి ఎంపిక. కానీ నీ హీరో దాన్ని కొరియర్‌లో అమెరికా పంపి కొత్త స్లాబు వేయించుకుంటాడు. నాణేలకు గ్రేడు వేసి స్లాబులో పెట్టే పీసీజీఎస్, ఎన్‌జీసీ రెండూ అక్కడి కంపెనీలే, పాత స్లాబు చెడితే మార్చిచ్చే ఏర్పాటు కూడా వాటికుంది, నిజమే. అయితే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. ప్రైవేటు మనిషి దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. ఆ దారి మూసేస్తే హీరో ఇరుక్కుంటాడు. ఇరుక్కోనీ! స్లాబు చీటీ మీది సర్టిఫికెట్ నంబరును ఫోన్‌లో చూపించి వాదిస్తాడనుకో, పెద్దాయన "నంబరు నిజమే బాబూ, లోపలున్నది అదేనా?" అంటాడు. దానికి హీరో దగ్గర జవాబుండదు. కొరియర్ సీను పోయినా నష్టం లేదు, అందులో టెన్షన్ ఎలాగూ లేదు.

తీరిక చేసుకుని ఒకసారి ఎగ్మూరు మ్యూజియంలో నాణేల విభాగం చూసిరా. ఫోటో చూసి రాసినట్టు తెలిసిపోతోంది. సవరించాక టైపు చేసి పంపు. కాగితాలకు ఫోన్‌లో ఫోటోలు తీసి పంపకు, నా కళ్లకు ఆనడం లేదు.