అందరికీ కనీస ఆదాయం: లెక్క ఎక్కడ తేలుతుంది?

ప్రశ్న: పేద, గొప్ప తేడా లేకుండా ప్రతి మనిషికీ నెలనెలా డబ్బిస్తే ఖజానా ఖాళీ కాదా? అసలు కోటీశ్వరుడికి ఇవ్వడం ఎందుకు?

జవాబు: తలసరి ఆదాయంలో ఎంత శాతం ఇస్తామో, దేశ ఆదాయంలో సరిగ్గా అంత శాతం ఖర్చవుతుంది. 10 శాతం ఇస్తే 10 శాతం, 25 ఇస్తే 25. ఏ దేశంలో ఎవరు ఎంత హామీ ఇచ్చినా ముందు ఈ కొలతతో చూడండి.

అయితే అది పైకి కనిపించే ఖర్చు. నిజంగా చేతులు మారే సొమ్ము అంత ఉండదు. ఐదుగురి ఆదాయాలు వరుసగా 20, 50, 80, 100, 250 అనుకుందాం. మొత్తం 500, సగటు 100. తలా 10 ఇచ్చి, అందరి ఆదాయం మీదా 10 శాతం పన్ను వేద్దాం. మొదటివారు 2 కట్టి 10 తీసుకుంటారు, అంటే 8 మిగులు. రెండోవారికి 5, మూడోవారికి 2 మిగులుతాయి. నాలుగోవారికి సరికి సరి. ఐదోవారు 25 కట్టి 10 తీసుకుంటారు, 15 నష్టం. ఖర్చు పద్దులో 50 అని కనిపిస్తుంది, కానీ ఒకరి దగ్గర్నుంచి మరొకరికి వెళ్లింది 15 మాత్రమే. కోటీశ్వరుడికి ఇచ్చింది పన్ను రూపంలో తిరిగొచ్చేసింది. అతణ్ణి ఏరి పక్కనపెట్టడానికి దరఖాస్తులు, విచారణలు, అప్పీళ్లు అక్కర్లేకపోయింది.

ఈ లెక్క ఒక్క షరతు మీదే నిలబడుతుంది. ఐదుగురి ఆదాయమూ పన్ను రికార్డుల్లో ఉండాలి. కష్టపడేవారిలో ఎక్కువమంది రికార్డుల బయటే ఉన్న దేశాల్లో ఇది సాగదు. అక్కడ అమ్మకం పన్నో, ఇంధన రాయితీల కోతో, గనులూ చమురూ తెచ్చే రాబడో ఆధారం కావాలి. ఇలా అందరికీ ఇచ్చే సార్వత్రిక ఆదాయం గురించి జరిగే చర్చల్లో సగానికి సగం ఈ ఒక్క మాట దాటేయడం వల్లే గాలిలో తేలుతుంటాయి.

ప్రశ్న: ఊరికే డబ్బొస్తే జనం పని మానేస్తారంటారు. ప్రయోగాల్లో ఏం తేలింది?

జవాబు: పెద్దఎత్తున మానేసిన దాఖలా లేదు. ఫిన్లాండ్‌లో 2017, 2018 సంవత్సరాల్లో 2,000 మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు ఇచ్చారు. ఉద్యోగం దొరికినా ఆపలేదు. వారు పనిచేసిన రోజులు తగ్గకపోగా, మిగతా నిరుద్యోగులకంటే ఏడాదికి సుమారు 6 రోజులు పెరిగాయి. ఆ పెరుగుదల మొత్తాన్నీ ఈ డబ్బు ఖాతాలో వేయకండి. 2018లో మిగతావారి నిరుద్యోగ భృతి నిబంధనలు కూడా మారాయి. కెనడాలోని డాఫిన్ పట్టణంలో 1970లలో జరిగిన ప్రయోగంలో పని తగ్గించుకున్నది ముఖ్యంగా బాలింతలు, బడి వయసు దాటుతున్న అబ్బాయిలు. ఆస్పత్రిలో చేరేవారి సంఖ్య 8.5 శాతం తగ్గింది. బాలింత ఇంటిపట్టున ఉండటాన్ని, కుర్రాడు చదువు కొనసాగించడాన్ని సోమరితనం అనడం మాకు మనస్కరించదు.

నిజానికి పనికి అడ్డుపడేది చాలాసార్లు ఇప్పుడున్న పథకాల నిబంధనే. ఒకామెకు సాయం అందుతోంది. ఆమె సంపాదించే ప్రతి 100కీ సాయంలో 80 కోస్తారనుకోండి. ఆమెకు దక్కేది 20. దాన్లోంచే దారి ఖర్చులు, బిడ్డను చూసుకునేవారికి ఇచ్చేది పోవాలి. 80 శాతం పన్ను కట్టమంటే ఏ ధనవంతుడైనా ఊరుకుంటాడా? ఆదాయ పరిమితి ఒక్క పైసా దాటితే సాయం పూర్తిగా ఆగిపోయే పథకాలైతే ఇంకా ఘోరం. కోత 40 శాతానికి దించితే ఆమెకు 60 మిగులుతుంది, ఖర్చు మాత్రం పెరుగుతుంది. సార్వత్రిక ఆదాయంలో కోత అనేదే ఉండదు, ఆ పని పన్ను చేస్తుంది.

ప్రశ్న: ఇది వస్తే మిగతా సంక్షేమ పథకాలన్నీ ఎత్తేయవచ్చా?

జవాబు: ఎత్తేయకూడదు. అందరికీ సమానంగా ఇచ్చే మొత్తం సమానం కాని అవసరాలను తీర్చలేదు. చక్రాల కుర్చీ, తోడుమనిషి కావలసిన వ్యక్తికీ, ఆరోగ్యంగా ఉన్న యువకుడికీ ఒకే సొమ్మిస్తే మొదటివారు వెనకబడతారు. వైద్యం ఖర్చు అందరికీ నెలనెలా కొంచెం కొంచెంగా రాదు, ఎవరో కొందరి మీద ఒక్కసారిగా పడుతుంది. దానికి బీమా తరహా ఏర్పాటే కావాలి. ఒకే పనికి రెండు మూడు చోట్ల నడిచే చిన్న నగదు పథకాలను మాత్రం కలిపేయవచ్చు. ధనికులకే ఎక్కువగా అందే పన్ను మినహాయింపుల్నీ ముందుగా ఈ ఆదాయం వైపు మళ్లించాలి.

ప్రశ్న: మొదలుపెట్టాక దెబ్బతినేది ఎక్కడ?

జవాబు: ఎక్కువగా ధరల దగ్గర. ఇరాన్ 2010 డిసెంబరులో ఇంధన రాయితీలు తగ్గించి, దాదాపు ప్రతి కుటుంబానికీ మనిషికి నెలకు 4,55,000 రియాళ్ల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి ఆ అంకె మారలేదు, ధరలు మారాయి. పథకాన్ని ఎవరూ రద్దు చేయకుండానే దాని విలువ కరిగిపోయింది. అందుకే ఏటా ధరల సూచీని బట్టి మొత్తం పెరగాలన్న నిబంధన చట్టంలోనే ఉండాలి, బడ్జెట్ ప్రసంగంలో ఉంటే చాలదు.

రెండోది నిధి. అమెరికాలోని అలాస్కా రాష్ట్రం 1982 నుంచి చమురు రాబడితో పెరిగిన నిధి లాభాల్లో ప్రజలకు ఏటా వాటా ఇస్తోంది. ఆ వాటా ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటుంది. 2016లో రాష్ట్ర ఖజానాకు లోటొచ్చి సగానికి సగం కోసేశారు. ఏడాదికోసారి వచ్చే అదనపు సొమ్ముగా అది మంచిదే, ఇంటి అద్దెకు మాత్రం దాన్ని నమ్ముకోలేం.

ప్రశ్న: దగ్గరలో సాధ్యమయ్యేది ఏమిటి?

జవాబు: బతకడానికి సరిపడా మొత్తం అందరికీ ఇవ్వడం ఇప్పట్లో జరుగుతుందని మేము అనుకోవడం లేదు. స్విట్జర్లాండ్‌లో 2016లో ఓటింగ్ పెడితే దాదాపు 77 శాతం వద్దన్నారు. వయసును బట్టి అందరికీ ఇవ్వడం మాత్రం చేతికందే దూరంలో ఉంది. న్యూజిలాండ్‌లో 65 ఏళ్లు నిండి, నివాస షరతు తీరితే పింఛను ఇస్తారు. ఆస్తి ఎంత, ఆదాయం ఎంత అని అడగరు. వయసు రుజువు చేయడం పేదరికం రుజువు చేయడమంత కష్టమూ కాదు, అవమానమూ కాదు. పిల్లల భత్యం, వృద్ధుల పింఛను ఈ పద్ధతిలో మొదలుపెట్టి, ఖాతా లేనివారికీ పత్రాలు లేనివారికీ చేరుతోందో లేదో రెండేళ్లు చూశాక మధ్య వయసువారి సంగతి ఎత్తుకోవచ్చు.